మిరుగు దాటినంక బోటు బేరం

వదినా, జర ఆగుండ్రి. బట్టలు తర్వాత తీసుకుందురు, ఎండ ఇంక పోలే. మీ మరిది పాత బోటు కొనాలని తిరుగుతున్నడంట గద? నాకెవ్వలు చెప్పలే. మొన్న మీ గేటు కాడ ఒకాయనను నిలబెట్టుకొని, సెల్‌ఫోన్ల ఇంజిన్ ఫోటోలు చూసుకుంట బేరమాడుతున్నడు. గంత గట్టిగ మాట్లాడితె గోడ ఇవతలి దిక్కు వినబడదా మరి? వినబడ్డది. మీరైతె ఏమెర్గనట్టు చింతపండు గింజలు తీసుకుంట కూసున్నరు. సరె, నా కాడ దాచకుండ్రి ఇగ.

బోటు కొనుడు మంచిదే. నేను వద్దంటలేను. గని పాత బోటంటె నలుగురిని అడిగి, నాలుగు దినాలు ఆగి చేసే పని. ఎందుకాగాలెనో చెప్త, ఆ స్టూలు ఇటు జరుపుకోండ్రి.

మన దిక్కు బోట్లేందని మా విజయవాడ చుట్టాలు ఇప్పటికి నవ్వుతరు. పాలమూరంటె బొంబాయికి వలస పొయ్యెటోళ్ల జిల్లా, నల్లగొండంటె ఫ్లోరైడ్ నీళ్లు, గంతె తెలుసు వాళ్లకు. వాళ్లను ఒక్కపారి కృష్ణ ఒడ్డు పొంటి నడిపియ్యాలె. నారాయణపేట దిక్కు తంగిడి కాడ మన గడపల అడుగు పెట్టిన నది, జూరాల కట్ట దాటి, బీచుపల్లి ఆంజనేయస్వామి పక్క నుంచి వచ్చి, సోమశిల కాడ ఎంత వెడల్పయితదో చూసిన్రు గద. అక్కడికెళ్లి నల్లమల గుట్టల సందుల పడి సాగర్ల నిండుతది. ఇంత పొడుగున తెడ్డు పట్టని ఊరు వెతికితె దొరకాలె.

నేరేడుగొమ్ము మండలంల, సాగర్ వెనుక నీళ్ల ఒడ్డున వైజాగ్ కాలనీ ఉన్నది, పోయిన్రా ఎప్పుడన్న? నల్లగొండ జిల్లల వైజాగేంది అన్కుంటరు కొత్తోళ్లు. విశాఖ దిక్కు నుంచి వచ్చి దిగిన చేపలు పట్టెటోళ్ల ఇండ్లవి. సాగర్ కట్టకు నెహ్రూ రాయి వేసింది 1955 డిసెంబర్ల, కాలువలకు నీళ్లిడిసింది 1967ల. ఇంత పెద్ద నీళ్లు నిలబడ్డంక, సముద్రం మీద బతికిన చేతులకు ఇక్కడ పని దొరికింది. ఇప్పుడైతె ఆదివారమొస్తె హైదరాబాద్ పిలగాండ్లు కార్లేసుకొని దిగుతరు. వేయించిన చేపలు తింటరు, బోటెక్కి తిరుగుతరు. దాంతోని పాత బోటుకు రెండు తీర్ల గిరాకి వచ్చింది. వల వేసెటోళ్లు ఒక దిక్కు, మనుషులను తిప్పెటోళ్లు ఒక దిక్కు. ఈ రెండో గిరాకి ముచ్చట తర్వాత చెప్త, దాని మీద నాకు జర మాట్లాడేది ఉన్నది.

ముందుగాల రేటు. పాత బోటు రేటు నెలను చూసి కడ్తరు వదినా. సాగర్ నిండితె నీళ్ల మట్టం 590 అడుగులు. కిందికి 510 దాక తీస్తరు. నిండ నీళ్లున్నప్పుడు చేప చెల్లాచెదురైతది, పొద్దంత వల వేసినా బుట్ట నిండదు. నీళ్లు గుంజినకొద్ది చేప ఒక్క కాడికి చేరుతది. శివరాత్రి దాటిందంటె బోటున్నోని ఇంటికి తొవ్వ అందరికి యాదికొస్తది. ఇగ మిరుగు నాడు చెప్పెటందుకేమున్నది? మృగశిర కార్తె కాలు పెట్టిన నాడు పండు ముసలోళ్లు సుత ఒక్క ముక్కన్న నోట్లె వేసుకోవాలె, లేకుంటె మనకు తోచదు. మీరైతె కొర్రమట్టనే కావాలని పోయినేడు బావను రెండు బజార్లు తిప్పిన్రు, నాకు తెల్వదా?

మిరుగు దాటిందా, వానలొస్తయి, వరదొస్తది. చేప గుడ్లు పెట్టె కాలం, వల ఆపాలె. బోటు ఒడ్డున బోర్లపడి ఉంటది. సరిగ్గ అప్పుడే పిల్లల ఫీజులు, విత్తనాలు, ఎరువులు. అందుకే అమ్మెటోళ్లు అప్పుడు బయలుదేరుతరు, కొనెటోళ్లు ఒక్కరు కనబడరు. పాపం, అవసరంల అమ్మిన బోటుకు రేటు రాదు. మీ మరిదికి చెప్పుండ్రి, కొనుడైతె మిరుగు దాటినంక కొను, అమ్ముడైతె సంక్రాంతి దాక ఓపిక పట్టమని. ఇంకొక లాభం సుత ఉన్నది. ఎండకాలం నీళ్లు తగ్గినప్పుడు మునిగిన రాళ్లు, మొద్దులు పైకి తేల్తయి, బోటు అడుగు వాటికి రాసుకపోతది. మిరుగు దాటినంక చూస్తె ఆ గీతలన్ని కొత్తగ కనబడ్తయి. రంగు పూసెటందుకు టైం దొరకకముందే చూసుకోవాలె.

రంగంటె యాదికొచ్చింది. మీ మరిది చూపిస్తున్న ఫోటోల నీలం రంగు తళతళ మెరుస్తున్నది (గోడ మీంచి కనబడ్డది, ఏం చేయాలె). కొత్త రంగు చూస్తె నాకు అనుమానం వదినా. ఫైబర్ బోటు పగిల్తె రెజిన్ పూసి, మ్యాట్ వేసి అతుకుతరు. మంచిగ అతికితె గట్టిగనే ఉంటది, అది తప్పు కాదు. అతుకు మీద రంగేసి, చెప్పకుండ అమ్ముడే తప్పు. అడుగు పొంటి రూపాయి బిళ్లతోని కొట్టుకుంట పోవాలె. గట్టిగున్న కాడ ఒక చప్పుడు, లోపల పొర విడిసిన కాడ ఇంకొక చప్పుడు. పొరల నడుమ ఫోము నీళ్లు పీలిస్తె బోటు బరువెక్కుతది. ఇద్దరు లేపే బోటును నలుగురు లేపుతున్నరంటె ఇగ ఎత్తి చూసుడు బంద్ చేసి ఇంటికి రావాలె.

మా మేనల్లుడు డల్లాస్ల ఉన్నడు, మీకు తెలుసు గద, పెండ్లికి మీరు పెట్టిన వెండి గిన్నె ఇప్పటికి వాని షోకేసుల ఉన్నది. వానికి అక్కడ చేపల పిచ్చి పట్టింది. ఆ దేశంల బాస్ అని ఒక చేప, గడ్డిల, మొద్దుల నడుమ పొంచి ఉండి పట్టుకుంటది, మన కొర్రమట్ట సుత పట్టేది గట్లనే. దానికోసమని ప్రత్యేకం బోట్లు. చదునుగ, కిందికి ఉంటయి, పైన తివాచీ పరుస్తరు, చేపను బతికించి పెట్టెటందుకు లోపల నీళ్ల తొట్టి. వెనుక రెండు వందల గుర్రాల ఇంజిన్ సుత పెడ్తరు. ఆర్కాన్సాస్ల ఫ్లిప్పిన్ అనే చిన్న ఊర్ల ఫారెస్ట్ వుడ్ అనేటాయన 1968ల రేంజర్ అనే కంపెనీ పెట్టి గీ తీరు బోట్లకు పేరు తెచ్చిండు. డల్లాస్‌కు తూర్పున లేక్ ఫోర్క్ అని ఒక చెరువున్నది. టెక్సాస్‌ల అన్నిటికన్న పెద్ద బాస్ 1992ల అందులనే దొరికింది, ఎనిమిది కిలోల పైననే. మావోడు ప్రతి శనివారం అక్కడనే. భార్య ఫోన్ చేసి నాతోని చెప్పుకుంటది, నేను వింట.

వాడు పాత బోటు కొన్నప్పుడు ఒక ముచ్చట చెప్పిండు, నాకు మస్తు నచ్చింది. అక్కడ ప్రతి బోటుకు పన్నెండు అక్షరాల నంబరు ఉంటదంట, 1972 నుంచి. టెక్సాస్‌ల బోటుకు ఒక కాగితం, వెనుక తగిలించే ఇంజిన్‌కు వేరే కాగితం. ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో సుత లెక్క తీసి చూపెడ్తరు. ఇంజిన్‌కు వేరే కాగితం ఉండాలన్న మాట మనకు బాగ పనికొస్తది వదినా. ఎందుకంటె మన కాడ సుత పాత బోటుల అసలు పైసలు ఇంజిన్‌వే. డొల్ల బోటును ఎవ్వలన్న బాగు చేస్తరు, ఇంజిన్ సంగతి అట్ల కాదు.

ఇంజిన్ చూసెటప్పుడు ఒడ్డున పెట్టి బుర్రున ఒక్కపారి కొట్టి చూపిస్తె ఒప్పుకోవద్దు. నీళ్లల్ల దింపుమనాలె. నడుస్తుంటె పక్క నుంచి నీళ్ల ధార చిమ్మాలె, అది సన్నగైందంటె ఇంజిన్ చల్లబడ్తలేదన్నట్టు. కింద గేరు నూనె తీపిచ్చి చూడాలె. పాల తీరు తెల్లగున్నదా, లోపలికి నీళ్లు పోయినయి. అమ్మెటాయన "నిన్ననే నడిపిన" అంటడు. ఆయన మీద కోపం పెట్టుకోవద్దు, మల్ల ఒక్కపారి నడుపుమని మర్యాదగ అడగాలె. నడపనంటె చాయ్ తాగి రావాలె.

పుట్టి సంగతి వేరు. వెదురు బద్దల అల్లికకు ఇప్పుడు ప్లాస్టిక్ పట్ట కట్టి తారు పూస్తరు, మునుపు తోలు చుట్టెటోళ్లు. ఐదువందల ఏండ్ల కింద విజయనగరం చూసిన పోర్చుగీసాయన పేస్, తుంగభద్ర మీద తోలు చుట్టిన గుండ్రటి పుట్టిల జనం దాటుడు చూసి రాసుకున్నడు. కురుమగడ్డకు దత్తస్వామి దర్శనానికి పంచదేవ్‌పాడు కాడ పుట్టి ఎక్కినప్పుడు మీ అత్తమ్మ కండ్లు మూసుకొని కూసున్నది, యాదికున్నదా? వెదురు పుట్టిని పాతదని కొనుడు దండుగ. బద్దలు లోపల్లోపల మెత్తబడ్తయి, పైకి తెల్వదు. ఫైబర్ పుట్టి అయితె కొనొచ్చు.

కాగితాల ముచ్చటల మనోళ్లు బేఫికరుగ ఉంటరు. బోటు కొన్నంత మాత్రాన చేప పట్టే హక్కు రాదు వదినా. చెరువు మీద హక్కు మత్స్యకారుల సొసైటీది, ముదిరాజులు, గంగపుత్రులు సభ్యులు. సాగర్, జూరాల తీరు పెద్ద నీళ్లల్ల లైసెన్సు కావాలె. అమ్మినాయన లైసెన్సు ఆయన పేరు మీదనే ఉంటది, బోటు వెంట రాదు. పైసలన్ని ఇచ్చి బోటు తెచ్చుకొని, ఒడ్డున పెట్టి చూసుకుంట కూసున్నోళ్లు ఉన్నరు. బయానా ఇచ్చేకన్న ముందుగాలనే మత్స్యశాఖ ఆఫీసుకు పోవాలె. ఇంకొకటి, సర్కారు సబ్సిడీల వచ్చిన బోటా కాదా అడగాలె. 2020ల వచ్చిన మత్స్య సంపద పథకంల ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు నూటికి అరవై దాక, మిగిలినోళ్లకు నలభై దాక సాయం. అట్ల వచ్చిన బోటును అమ్మొచ్చా లేదా అన్నది ఆఫీసుల అడిగి రాయించుకోవాలె. ఇంజిన్ ఉన్న బోటు రిజిస్ట్రేషన్ ముచ్చట సుత అక్కడనే అడుగుమనుండ్రి. దేశం లోపలి నీళ్లల్ల తిరిగే పడవలకు 1917 నాటి చట్టం తీసేసి 2021ల కొత్తది తెచ్చిన్రు.

ఇగ ఆ రెండో గిరాకి. చేపల బోటును కొని, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, మనుషులను తిప్పుదామని చూసెటోళ్లకు నేను ఈ గోడ మీంచే గట్టిగ చెప్త. 2007 జనవరిల కొల్లాపూర్ దిక్కు మంచాలకట్ట కాడ సింగోటం జాతరకొస్తున్న పడవ మునిగి 60 మందికి పైగ పోయిన్రు. శ్రీశైలం వెనుక నీళ్లల్ల. ఎక్కువ మంది ఎక్కిన్రు. ఆ దినం మా ఇంట్ల పొయ్యి వెలగలే. వల, చేపలు, ఇద్దరు మనుషులు, ఇంతె ఆ బోటు మోసే లెక్క. అది జాతర బండి కాదు. అమ్మెటాయన సుత కొనెటాయనను అడగాలె, దేనికి కొంటున్నవు బిడ్డా అని. అడిగితె బేరం పోతదని భయపడ్తరు, పోనియ్యుండ్రి. మోపెడ్ అయితె నడుమల ఆగిపోతె దిగి నూకుకుంట ఇంటికొస్తం. నీళ్ల నడుమ ఎక్కడ దిగుతరు? అందుకే అతుకు ఎక్కడున్నది, ఎన్నిసార్లు నీళ్లెక్కింది, ఎంతమందిని మోస్తది, అన్ని చెప్పి అమ్మినోడే మంచోడు నా లెక్కల. అట్ల అమ్మినాయనకు ఇంకో వెయ్యి ఎక్కువిచ్చినా నష్టం లేదు.

అమ్మెటోళ్లల చిత్రమైన మనుషులుంటరు వదినా. దిండి దిక్కు ఒకాయన బోటు అమ్మి తెడ్డు మాత్రం ఇయ్యలే. తండ్రి చెక్కించిన తెడ్డు అని ఇంట్ల దూలానికి కట్టుకున్నడు. కొన్నాయన కొత్త తెడ్డు కొనుక్కున్నడు, ఏమనలే. ఇంకొకామె మొగుడు బేరం ఒప్పుకున్నంక సుత, శుక్రవారం పూట బోటు గడప దాటొద్దని శనివారం దాక ఆపింది. ఇంకొకాయనైతె అమ్మిన బోటును చూడనీకె ప్రతి అమాసకు వస్తడు, అడుగు తడిమి, ముడులు బిగిచ్చి పోతడు. కొన్నోళ్లు ఆయనకు జొన్నరొట్టె పెడ్తరు. ఇసొంటోళ్ల కాడ కొనాలె.

అగో, మీ కుక్కర్ కూత పెట్టింది, మూడోది. పొయ్యి బంద్ చేసి రాండ్రి, నేను ఈడనే ఉంట. మా తోడికోడలు తమ్ముడు హాలియాల ఇంజిన్లు బాగుచేస్తడు. బేరం కాడికి తోల్కపొమ్మని మీ మరిదికి చెప్పుండ్రి, నంబరు రాసిస్త. పైసలేమి తీసుకోడు, కడుపు నిండ అన్నం పెడితె చాలు. ఉల్లిగడ్డ మాత్రం తినడు, అది యాది పెట్టుకోండ్రి.