ఏది దైవవాక్కు?

లింగంపల్లిలో పొద్దుటి ఎంఎంటీఎస్ ఎక్కగానే ఫోన్లు తెరుచుకుంటాయి. రీల్స్ చూసేవాళ్ల మధ్య కిటికీ పక్కన ఒకావిడ, అరిగిన అట్ట ఉన్న భగవద్గీతలో వేలు ఆనించి పెదాలు కదుపుతోంది. ఎదుటి సీట్లో ఓ కుర్రాడు ఖురాన్ చదువుతున్నాడు. తాము చదివేది దేవుడి మాటేనని వీళ్లకెలా తెలుస్తుంది?

మన ప్రాచీన దర్శనాలూ ఈ ప్రశ్న వేసుకున్నాయి. మీమాంస దర్శనం వాళ్లు వేదానికి కర్తే లేడన్నారు. చెప్పినవాడు లేనప్పుడు చెప్పినవాడి పొరపాటూ ఉండదని వాళ్ల వాదం. న్యాయ దర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, ఒప్పుకోలేదు. నమ్మదగినవాడు చెప్పాడు గనుకే అది ప్రమాణమన్నారు. అందుకు వాళ్ల మూలగ్రంథం న్యాయసూత్రాలు ఆయుర్వేదాన్ని సాక్ష్యానికి పిలుస్తాయి. మందు గుణమిస్తే వైద్యశాస్త్రాన్ని నమ్ముతాం కదా, వేదమూ అంతే! ఈ వాదమంటే నాకు ప్రాణం. పరీక్షను పుస్తకంలోంచి తీసి బతుకులో పెట్టింది.

ఖురాన్ మాత్రం తనలాంటి అధ్యాయం ఒక్కటైనా తెమ్మని సవాలు విసురుతుంది. ఆ శైలి మహత్తును తూచాలంటే అరబీ లోతుగా రావాలి. నెరవేరిన ప్రవచనాలను చాలామంది క్రైస్తవులు బైబిలుకు రుజువుగా చూపుతారు. అవి నెరవేరాయని ఒప్పుకోవడానికి ముందే కొంత విశ్వాసం కావాలి. అయితే అబద్ధ ప్రవక్తలను ఫలాలను బట్టి తెలుసుకోవాలని మత్తయి సువార్తలో యేసు చెప్పిన మాట, నైయాయికుల మాటకు ఎంత దగ్గరగా ఉందో!

నా మటుకు నాకు ఆ ఫలాల కొలతే సరైనది. చదివినవాడిలో కరుణ పెరగాలి, పొరుగువాడిపై ద్వేషం తగ్గాలి. పక్కవాడి గ్రంథాన్ని ఈ కొలతతో కొలిచేముందు, దయచేసి ఎవరి గ్రంథాన్ని వాళ్లం కొలుచుకుందాం.