మామ ఫారం, పెరుగు పొడి, మా మేనేజర్లు

ఈ మధ్య మా ఆఫీసులో ఏ మీటింగుకెళ్ళినా ఒకటే గోల. టెక్నాలజీ మారిపోతోంది, మార్పుని నడిపించే నాయకులు కావాలి అని. స్లైడు నిండా బాణాలు, పైకి పోయే మెట్లు. అవి చూసినప్పుడల్లా నాకు మైదుకూరు దగ్గర మా మామ నడిపే బ్రాయిలర్ కోళ్ళఫారం గుర్తొస్తుంది. నవ్వకండి, కారణం ఉంది.

ముందు కాస్త పాతకథ చెప్పాలి. 1940ల చివర్లో అమెరికాలో లెడర్లీ ల్యాబులో జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు బి12 విటమిన్ కోసం వెతుకుతూ, యాంటీబయాటిక్ తయారయ్యాక మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపి చూశారు. పిల్లలు మామూలు కంటే త్వరగా పెరిగాయి. ఇంకేముంది, జబ్బు లేకపోయినా మేతలో చిటికెడు మందు కలపడం ప్రపంచమంతా అలవాటైపోయింది. ఆ మందులకు లొంగని క్రిములు పుట్టుకొస్తున్నాయని తెలిశాక 1986లో స్వీడన్ ఆపేసింది. 2006 జనవరి 1 నుంచి యూరప్ యూనియన్ మొత్తం ఆపింది. మన దేశంలో 2019 జులైలో కొలిస్టిన్‌ని కోళ్ళకీ, పశువులకీ, చేపలకీ వాడకుండా నిషేధించారు. మనుషులకు ఇంకే మందూ పనిచేయనప్పుడు డాక్టర్లు ఎక్కించే ఆఖరి మందుల్లో అదొకటి. దాన్ని కోడి బరువు కోసం మేపుతూ వచ్చామన్నమాట!

మరి దాని బదులు ఏమిటి? ప్రొబయాటిక్. అంటే మేలుచేసే బాక్టీరియాని బతికుండగానే మేతలోనో నీళ్ళలోనో ఇవ్వడం. దీని వెనకున్న ఆలోచన నాకు భలే నచ్చింది. పెరట్లో పుట్టిన పిల్ల తల్లి వెనకాలే తిరుగుతూ అదే మట్టి గీరుకుని తింటుంది కాబట్టి తల్లి కడుపులోని బాక్టీరియా దానికి ఊరికే దొరుకుతుంది. ఇంక్యుబేటర్లో పుట్టిన పిల్లకు తల్లే లేదు, పేగు ఖాళీ. 1973లో ఫిన్లండులో నూర్మి, రంటాలా అనేవాళ్ళు పెద్దకోడి పేగులోని సరుకుని చిన్నపిల్లలకు పట్టించి చూస్తే సాల్మొనెల్లాకి చోటు దొరకలేదు. ఆర్టీసీ బస్సులో కర్చీఫు వేసి సీటు ఆపుకుంటాం చూడండీ, అదే పద్ధతి :)

ఇప్పుడు మామ సంగతి. ఆయనది ఇంటిగ్రేషన్ ఫారం. పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కింద పరిచే వేరుశనగ పొట్టు, కూలీలు ఆయనవి. నలభై రోజులకి కోళ్ళు పట్టుకుపోయి కేజీకింత అని పెంపకం కూలి ఇస్తారు. ఎంత మేతకి ఎంత బరువొచ్చిందో లెక్కగట్టి, తేడా వస్తే అందులోంచే కోస్తారు.

మూణ్ణాలుగేళ్ళ కిందట కంపెనీవాళ్ళు మందులు తగ్గించి, నీళ్ళలో కలిపే ప్రొబయాటిక్ ప్యాకెట్లు పంపారు. మామ దానికి పెరుగు పొడి అని పేరు పెట్టాడు. సూపర్‌వైజర్ ఒక కాగితం ఇచ్చి బైకెక్కి వెళ్ళిపోయాడు. ఆ బ్యాచిలో కోళ్ళు పారడం మొదలైంది, బరువు తగ్గింది, కూలి కోశారు. అది మే నెల, కడప ఎండ సంగతి మీకు తెలుసు కదా, కాబట్టి తప్పంతా ఒక్కదాని మీదే వేయను. కానీ మామ ఫోన్లో అన్న మాట మాత్రం మర్చిపోలేను.

"నీళ్ళలో క్లోరిన్ ఏయమనేది వాళ్ళే, అదే నీళ్ళలో పెరుగు పొడి కలపమనేది వాళ్ళే. యాడన్నా బతుకుతాదా అల్లుడూ అది? టీకా ఇచ్చే రోజు క్లోరిన్ ఆపి, పాలపొడి కలిపేది ఎందుకు మరి? నన్ను ఎవురన్నా ఒక మాట అడిగినారా?"

నిజమే. క్లోరిన్ క్రిముల్ని చంపుతుంది, మంచిదా చెడ్డదా అని చూడదు. నీళ్ళ శుభ్రత రాసిన కాగితం ఒకరిది, ప్రొబయాటిక్ కాగితం ఇంకొకరిది. రెండూ వచ్చి కలిసింది మామ నీళ్ళ ట్యాంకులో. మన భాషలో చెప్పాలంటే ఇంటిగ్రేషన్ టెస్టింగ్ నేరుగా ప్రొడక్షన్లో జరిగింది.

పైగా ఆ ప్యాకెట్లోది లాక్టోబాసిల్లస్ రకం. రేకుల షెడ్డులో పెడితే ఎండకే చస్తుంది. బాసిల్లస్ రకమైతే విత్తనంలా గట్టి పెంకు కట్టుకుని ఉంటుంది, గుళికల మేత చేసేటప్పటి ఆవిరి వేడిని కూడా తట్టుకుంటుంది. ఏ షెడ్డుకి ఏది పంపాలన్నది పైనున్నవాళ్ళు చేయాల్సిన ఆలోచన. దానికి ముందు షెడ్డులోకి ఒకసారి రావాలి కదా.

డెన్మార్కులో 1998లో బ్రాయిలర్ పరిశ్రమవాళ్ళు చట్టం కోసం చూడకుండా తమంతట తామే పెరుగుదల మందులు మానేశారు. కోళ్ళలో పెద్ద నష్టం కనపడలేదు. పాలు మాన్పించిన పందిపిల్లల్లో మాత్రం విరేచనాలు పెరిగి, చికిత్స కోసం వాడే మందులు ఎక్కువయ్యాయి. మందు తీసేయడం ఒక పని, అది అన్నాళ్ళూ కప్పిపెట్టిన లోపాల్ని సరిచేయడం ఇంకో పని. మన దగ్గర రెండోది రైతుకి వదిలేస్తున్నారు.

మనవాళ్ళలో నాయకుడు లేకపోలేదు. వెంకటేశ్వర హేచరీస్ పెట్టిన బి.వి.రావు గారు 1982లో గుడ్డు ధర దళారులు కాదు, రైతులే చెప్పాలని ఊరూరా తిరిగి వాళ్ళని కూడగట్టారు. అలా వచ్చిందే నెక్. ఆయన వ్యాపారి, లాభం చూసుకోలేదని నేననను. కానీ కొత్త ఏర్పాటు చెప్పడానికి రైతుల మధ్యకెళ్ళి కూర్చున్నారు.

ఇక మా ఆఫీసు. కోడ్ రాసిపెట్టే ఏఐ పరికరం ఇచ్చారు, బాగుంది, నేనూ రోజూ వాడతాను. కానీ ఇచ్చిన వారంలోనే ఎస్టిమేట్లు మూడో వంతు కోసేశారు. సెక్యూరిటీ టీమేమో క్లయింట్ కోడ్ అందులో పెట్టొద్దని మెయిల్ పంపింది. మళ్ళీ అదే క్లోరిన్, అదే పెరుగు పొడి! మొదటి రెండు స్ప్రింట్లు తడబడితే ఆ లెక్క ఎవరి అప్రైజల్లో పడాలి? ఇది అడిగితే ఆ మీటింగులో ఎవరూ మాట్లాడలేదు. నాయకత్వం గురించి నాకున్న ప్రశ్న ఇదొక్కటే. కొత్తదాని మొదటి నష్టం ఎవరు భరిస్తారు? కంపెనీ రెండు బ్యాచిల పాటు బరువు లెక్క పక్కనపెట్టి పాత కూలే ఇచ్చి ఉంటే, మామ తనకు తెలిసిందంతా వాళ్ళకి చెప్పేవాడు.

ఆయన తర్వాతి బ్యాచికి ఎవర్నీ అడక్కుండా ఒక చిన్న డ్రమ్ము వేరే పెట్టాడు. క్లోరిన్ వేయని బోరునీళ్ళు, కాస్త పాలపొడి, తర్వాత ప్రొబయాటిక్, పొద్దున చల్లటి పూట రెండు గంటల్లో తాగేంత మాత్రమే. ప్యాకెట్లు ఇంట్లో ఫ్రిజ్జులో, అత్త ఎంత తిట్టినా సరే. కోళ్ళు పారడం తగ్గింది. ఆర్నెల్ల తర్వాత కంపెనీ కాగితంలో "క్లోరిన్ లేని నీటిలో కలపవలెను" అని ఒక లైను చేరింది. మే బ్యాచిలో కోసిన డబ్బు మాత్రం మామకు ఇంతవరకు తిరిగి రాలేదు.