జ్వరం అని రాయలేదు

లెస్టర్,
ఆదివారం

ప్రియమైన పద్మా,

పట్టా చేతికొచ్చింది. ఫొటోలు వాట్సాప్‌లో చూసే ఉంటావు. నీ వాయిస్ మెసేజ్‌కి ఫోన్‌లో జవాబు చెప్దామంటే సగంలో నువ్వు అడ్డం తగులుతావు, అందుకని తీరిగ్గా రాస్తున్నాను. "ఒక్కరోజు పాపని బడి మాన్పించడానికి ఇంత రామాయణమా? జ్వరమని రాసి పడేస్తే పోయేదిగా" అన్నావు. రోజూ హాజరుపట్టీ వేసే టీచరమ్మవి, ఆ సలహా నువ్వే ఇవ్వడం బావుందే!

అసలు ఆ జ్వరం మనకి చిన్నప్పుడే పట్టింది. ఇంగ్లీషులో లీవ్ లెటర్ అంటే 'సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' తప్ప ఇంకో కారణం మనకెవరూ నేర్పలేదు. అక్క పెళ్లికెళ్లినా జ్వరమే, మేడారం వెళ్లినా జ్వరమే. టీచరుకీ తెలుసు, హెడ్మాస్టరుకీ తెలుసు. ఇక్కడి మనవాళ్లూ ఆ అలవాటు మానలేదులే. బడి సెలవులు మొదలయ్యాక హైదరాబాదు టికెట్ల ధర కొండెక్కుతుంది కదా, సరిగ్గా దానికి ముందు వారం తెలుగు పిల్లలకి కట్టగట్టుకుని జ్వరాలొస్తాయి.

ఇంగ్లండులో 2013 దాకా కుటుంబంతో ఊరెళ్లడానికి ఏడాదికి పది రోజుల వరకు సెలవు ఇచ్చే వీలు హెడ్‌టీచర్లకి ఉండేది. ఆ ఏడాది అది తీసేశారు. ఇప్పుడు అసాధారణమైన కారణం ఉంటేనే ఇవ్వాలి, అదీ ముందుగా అడిగితేనే. ఏది అసాధారణమో చట్టం జాబితా ఇవ్వలేదు, హెడ్‌టీచరే తేల్చాలి. హాజరు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వేస్తారు కాబట్టి ఒకరోజు మానితే రెండు పూటల లెక్క. పది బడివారాల్లో అనుమతి లేకుండా పది పూటలు పోతే జరిమానా మాట వస్తుంది. 2024 ఆగస్టు నుంచి అది 80 పౌండ్లు. 21 రోజుల్లో కట్టకపోతే 160. తల్లికి వేరు, తండ్రికి వేరు, ఎంతమంది పిల్లలుంటే అన్నిసార్లు.

జాన్ ప్లాట్ అని ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో ఒక తండ్రి, 2015లో కూతుర్ని బడి రోజుల్లో ఫ్లోరిడా తీసుకెళ్లాడు. మా పిల్ల హాజరు 90 శాతం పైనే ఉంది, జరిమానా కట్టనన్నాడు. కింది కోర్టుల్లో గెలిచాడు కూడా. 2017లో సుప్రీంకోర్టు మాత్రం శాతాలతో పనిలేదు, బడి పెట్టిన నియమం ప్రకారం రావాల్సిందేనని తేల్చేసింది. ఆ తీర్పు తర్వాత బళ్లు ఇంకా బిగిశాయి.

ఇదంతా తెలిసే నిజం రాశాను. ఫలానా శుక్రవారం లండన్‌లో నా డిగ్రీ ప్రదానం, పాపని తీసుకెళ్తాను, అనుమతించండి అని. హెడ్‌టీచర్ నుంచి ఎంతో మర్యాదగా ఉత్తరం వచ్చింది: అభినందనలు, కానీ దీన్ని అసాధారణమైన కారణంగా పరిగణించలేము.

ఆవిడ చెడ్డమనిషి కాదు. కోవిడ్ తర్వాత పిల్లల హాజరు పడిపోయి హెడ్‌టీచర్లందరూ తలలు పట్టుకుని ఉన్నారు. నాకు తలుపు తెరిస్తే నా వెనక చవక టికెట్ల వరుస నిలబడుతుందని భయం. అర్థమవుతుంది. అయినా ఆవిడ తప్పే చేసిందంటాను. చవక టికెట్టు రోజు మనం ఎంచుకునేది, పట్టా ఇచ్చే రోజు యూనివర్సిటీ నిర్ణయించేది. విడివిడిగా చూసి తేల్చమనే కదా ఆ అధికారం ఆవిడ చేతిలో పెట్టింది?

పాప వయసు ఏడేళ్లు. నేను చదివిన ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి 360 క్రెడిట్లు. ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి 60 చొప్పున లాగిస్తే ఆరేళ్లు. అంటే దానికి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ దాన్ని నిద్రపుచ్చి నేను లాప్‌టాప్ తెరవడమే చూసింది. ట్యూటరుకి పంపే అసైన్‌మెంటుని ఇక్కడ టీఎంఏ అంటారు. "ఇవాళ కూడా టీఎంఏనా?" అని దిండులో మొహం పెట్టి అడిగేది. మిగతా పిల్లల అమ్మలు కథ చెప్పే వేళకి దీని అమ్మ గడువు లెక్కపెట్టుకుంటూ ఉండేది. ఆ సాయంత్రాలన్నీ ఎక్కడికి పోయాయో చూడటానికి నాకన్నా దానికే ఎక్కువ హక్కుంది. దాన్ని బళ్లో వదిలి నేను మీ బావగారితో వెళ్లి ఫొటో దిగి రావాలా?

ఇక జ్వరం సంగతి. అబద్ధం నేనొక్కదాన్నే ఆడితే సరిపోదు, దానిచేత కూడా ఆడించాలి. సోమవారం టీచరు "ఒళ్లెలా ఉంది?" అని అడిగితే తలొంచుకుని "తగ్గింది" అనాలి. అమ్మ చదువు పూర్తయిన పండగ దానికి దాచుకోవాల్సిన విషయం అయిపోతుంది. అది నాకు మనసొప్పలేదు. అనుమతి లేని గైర్హాజరుగానే వేసుకోండి, నేను తీసుకెళ్తున్నాను అని జవాబు రాశాను.

సభ గురించి నువ్వు అడిగావు. ఈ యూనివర్సిటీవాళ్లకి గౌనేగానీ టోపీ లేదు. గాల్లోకి ఎగరేద్దామని కలలు కన్న పాప నిలువునా నీరుగారిపోయింది. మెడలోంచి వీపు మీదకి వేసే హుడ్ చొక్కా బొత్తానికి తగిలించాలట. చీరకి బొత్తాం ఏదీ? పిన్నీసులతో పైటకి కుట్టినంత పని చేశారు. పేరు చదివేవాడు మా ఇంటిపేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, గండం గట్టెక్కినట్టు చదివేశాడు. ఈ సభల్లో పిల్లలు "వెల్‌డన్ మమ్!" అని అరవడం ఆనవాయితీ, ఎవరూ కసరరు. మా పాప గొంతు చించుకుని "అమ్మా, పిన్ను!" అంది. చూసుకుంటే హుడ్ భుజం మీంచి జారిపోతోంది. హాలంతా నవ్వారు, మాట తెలియకపోయినా.

ఈ యూనివర్సిటీ తొలి పట్టాలిచ్చింది 1973లో, లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో. తొమ్మిదేళ్లకి, 1982లో, మన హైదరాబాదులో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది, జి. రాంరెడ్డి గారు మొదటి వైస్ ఛాన్సలర్‌గా. ఇప్పుడది అంబేడ్కర్ పేరుతో ఉంది. మీ బడి పిల్లల తల్లుల్లో అందులో చదివేవాళ్లు ఉన్నారని నువ్వే చెప్పావు. మీ బళ్లో పిల్లలు మేనమామ పెళ్లికి మూడు రోజులు మానినా అడిగేవాళ్లు లేరు. అమ్మ పట్టా పుచ్చుకునే రోజు పిల్లని తీసుకెళ్లాలని మాత్రం ఎవరికీ తోచదు. చదువు ఎవరిదైతే వాళ్లే వెళ్లొస్తారు, లేదా పోస్టులో తెప్పించుకుంటారు.

మా బడి రిజిస్టరులో ఆ శుక్రవారం రెండు పూటలా అనుమతి లేని గైర్హాజరే పడింది. జరిమానా రాలేదు, పది పూటలు కాలేదు కదా. నీకు ఒక్క మాట. ఏ అమ్మ అయినా కాన్వొకేషన్ ఉందని చెప్తే, పిల్లని కూడా తీసుకెళ్లమను. లీవ్ లెటరులో ఆ కారణమే రాయించు, సంతకం నువ్వు పెట్టు.

నీ,
శారద