మోకాలి చప్పుడు

మోకాలు చప్పుడు చేస్తోందని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి నొప్పి ఉండదు, భయం ఉంటుంది. "గుజ్జు అరిగిపోయిందా డాక్టరుగారూ?" అని అడుగుతారు.

నలభై దాటిన ఒక టీచరుగారు అలాగే వచ్చారు. మెట్లెక్కుతుంటే కుడి మోకాలు కిర్రుమంటోందట. అది అరుగుదలేనని ఎవరో అన్నారట. అప్పటినుంచి మెట్లు, నేలమీద కూర్చోవడం, సాయంత్రం నడక అన్నీ మానేశారు. బల్లమీద కాళ్లు వేలాడేసి కూర్చోమని, మోకాలి చిప్పమీద అరచెయ్యి ఆనించి, కాలు మెల్లగా చాపమన్నాను. చేతికింద సన్నగా గరగర తగిలింది. నొప్పి లేదు, వాపు లేదు, కాలు పూర్తిగా ముడుచుకుంటోంది. టేపు పెట్టి కొలిస్తే మాత్రం కుడి తొడ ఎడమదానికంటే సన్నబడింది. నాకు దిగులు పుట్టించింది అదీ.

కీలులోని జిగురు ద్రవంలో వాయువులు కరిగి ఉంటాయి. కీలు సాగి లోపలి ఒత్తిడి తగ్గగానే అవి బుడగ కడతాయి, 'టక్'మంటుంది. వేళ్లు విరిచినప్పుడు జరిగేదీ ఇదే. 2015లో కెనడా పరిశోధకులు ఎమ్మారైలో ప్రత్యక్షంగా చూశారు. ఒకసారి విరిచిన వేలు మళ్లీ మోగడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. ఎముక అంచుమీదుగా నరం లాంటి స్నాయువు జారినా చప్పుడు వస్తుంది. టీచరుగారిది చిప్ప తన గాడిలో కదిలే గరగర.

దాన్ని పూర్తిగా కొట్టిపారేయను. అమెరికాలో సుమారు 3,500 మందిని గమనించిన అధ్యయనంలో, తరచూ గరగరలాడే మోకాళ్లకు తర్వాత నొప్పి రావడం కొంత ఎక్కువగానే కనిపించింది. అందుకే తొడ కండరానికి బలం కావాలి. చిప్పను గాడిలో నిలిపేది అదే. కాలు చాచి, మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి, దాన్ని నొక్కిపట్టే వ్యాయామం నేర్పాను. మెట్లు మళ్లీ ఎక్కమన్నాను.

భయపడాల్సిన చప్పుడు వేరే ఉంది. కబడ్డీ ఆడే ఒక కుర్రాడు, నడుస్తుంటే మోకాలు జారిపోతోందని వచ్చాడు. మూడు వారాల కిందట ఆటలో కాలు మెలితిరిగి, రెండు గంటల్లోనే మోకాలు ఉబ్బిపోయిందట. అంత త్వరగా వచ్చే వాపు సాధారణంగా లోపలి రక్తస్రావమే. ఊళ్లో తైలం రాసి తోమించారు. ఎమ్మారై తీస్తే మోకాలిని లోపల పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగి ఉంది. కాలు మెలితిరిగినప్పుడు 'టప్'మని వినిపించిందా అని నేను అడిగేదాకా ఆ మాటే చెప్పలేదు. అలా వాచిన మోకాలిని తోమించకూడదు. ఐస్ పెట్టి, కాలికి విశ్రాంతినిచ్చి, ఒకటి రెండు రోజుల్లో చూపించాలి.