చెప్పవలసిన మాట

ఘోరపాతకి యొకడు రోగియై యెదుట పరుండినపుడు వైద్యుడేమి చేయవలయునని నన్ను పలువురు అడుగుచుందురు. వారికి నేను ఇయాన్ బ్రేడీ వృత్తాంతమును చెప్పుచుందును. మాంచెస్టరు ప్రాంతమున 1963 మొదలు 1965 వఱకు మైరా హిండ్లీ యను స్త్రీతో గూడి, పదియేండ్ల బాలిక మొదలు పదునేడేండ్ల యువకుని వఱకు ఐదుగురు బిడ్డలను పొట్టనబెట్టుకొని, వారిలో నలువురిని సాడిల్‌వర్త్ బీడునేలలలో పాతిపెట్టిన యీతడు, ఉరిశిక్ష నిలిపివేయబడిన కొలది నెలలకే, 1966లో, యావజ్జీవ కారాగారవాసమునకు పంపబడి, 1985లో మానసికరోగియని నిర్ణయింపబడి, లివర్‌పూలు చేరువనున్న కట్టుదిట్టమైన వైద్యశాలకు మార్చబడెను.

1999లో అతడు ఆహారము విసర్జింపగా వైద్యులు ముక్కుద్వారా గొట్టము దింపి పోషించిరి. అది న్యాయసమ్మతమేయని మరుసటి యేట ఉన్నతన్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ గొట్టమును దింపుట నాకును నిత్యకృత్యమే. రోగిని గ్రుక్క మ్రింగుమనుచు మెల్లగా త్రోయవలెను. పైకి లాగిన రసమును పరీక్షించి, కొన ఊపిరితిత్తులలో గాక జీర్ణకోశముననే యున్నదని నిశ్చయించుకొనిన పిమ్మటనే పాలు పోయవలెను. ఈ జాగ్రత్త పుణ్యాత్మునికొకటి, పాపాత్మునికొకటి కాదు.

అయినను రోగమున్నదనుటకును, నేరమును రోగమే చేసెననుటకును నడుమ నెంతయో అంతరము గలదు. రైలుస్టేషనులో భద్రపఱచిన పెట్టెల రసీదు హిండ్లీ ప్రార్థనాపుస్తకపు వెన్నులో దొరకెను. ఆ పెట్టెలలో, ప్రాధేయపడుచున్న పదియేండ్ల బాలిక కంఠస్వరము టేపుపై నిలిచియుండెను. ముందుగా యోచించి, చేసి, దాచిన యీ క్రౌర్యమును వ్యాధి ఖాతాలో వ్రాయుటకు నా మనస్సొప్పదు. అట్లు వ్రాసినచో మనోవ్యాధితో బాధపడుచు చీమకైన హాని తలపెట్టని వేలాది రోగులకు అపచారము చేసినవారమగుదుము.

నా రోగులలో కొడుకు తప్పిపోయిన తల్లి యొకతె కలదు. నిద్రపట్టదని వచ్చును, పరీక్షలలో దోషమేమియు కానరాదు. ప్రతి యుగాదికిని, పిల్లవాడీపాటికి ఇంత యెదిగియుండునని లెక్కవేసి, దర్జీకి కొలత పెంచి చెప్పి, ఒక చొక్కా కుట్టించును. చనిపోయిన బిడ్డకై యేడ్చుటకు దినమున్నది, కర్మయున్నది. కనబడని బిడ్డకై యేడ్చుటకు తిథియేది? బ్రేడీ బలిగొన్న యైదుగురిలో నొకడై, 1964 జూన్‌లో అవ్వ యింటికి బయలుదేరి మరలిరాని పండ్రెండేండ్ల కీత్ బెనెట్ తల్లి విన్నీ జాన్సన్‌దియు నిట్టి వ్యథయే. హంతకులు కొంత నోరు విప్పుటచే 1987లో ఆ యైదుగురిలోనిదే యైన పాలిన్ రీడ్ దేహము బయటపడెను గాని, కీత్‌ను పాతిన చోటు తేలలేదు. బిడ్డ యెముకలనైన ఇప్పింపుడని వేడుకొనుచునే ఆ తల్లి 2012లో కన్నుమూసెను. బ్రేడీ 2017లో, 79 ఏండ్ల వయస్సున, ఊపిరితిత్తుల వ్యాధితో మరణించెను.

ఈ హత్యాపరంపరను తెగగొట్టినది ఒక మనిషి చెప్పిన మాట: 1965 అక్టోబరు 6 రాత్రి హత్యను కన్నులార చూచిన హిండ్లీ చెల్లెలి మగడు, తెల్లవారగానే పోలీసులకు ఫోను చేసెను. పాఠకులారా, తప్పిపోయిన బిడ్డనుగూర్చి మీకేమాత్రము తెలిసినను, పరువునకో భయమునకో వెనుదీయక, ఆ దినముననే చెప్పుడు. ఆ తల్లులకు మావద్ద మందు లేదు.