కడుపునొప్పి అని చెప్పని దానియేలు

 

పోయిన నవంబరులో ఒక ఉదయం. అచ్యుతాపురం జంక్షన్ మీదుగా కంపెనీ బస్సులు వెళ్ళిపోయి రోడ్డు కాస్త ఖాళీ అయిన వేళ, మేము టీ తాగుతూ అరుగు మీద కూర్చున్నాం. ఫోన్ మోగింది. మన సండే స్కూల్లో కంఠత వాక్యాలు చెప్పి బహుమతులు తెచ్చుకున్న అమ్మాయి, విశాఖపట్నంలో ఎం.బి.బి.ఎస్. చదివి ఇప్పుడు అమెరికాలో ఉంది. ఆమె అనుమతితోనే, పేరు చెప్పకుండా ఇది రాస్తున్నాం.

"అయ్యగారూ, అమ్మగారూ, వందనాలండి. ఒక తప్పు చేశాను. ప్రార్థన చెయ్యండి" అంది. మాకు గుండె ఝల్లుమంది. "ఏమైందమ్మా?" అని అడిగాం. "నేను తాగలేదండి. కానీ తాగకుండా ఉండడానికి అబద్ధం చెప్పాను" అంది.

సంగతి అర్థం కావాలంటే అక్కడి పద్ధతి కొంచెం చెప్పాలి. మన దేశంలో ఎం.బి.బి.ఎస్. తరువాత స్పెషలిస్టు కావాలంటే నీట్ పీజీ రాస్తారు. ర్యాంకును బట్టి సీటు. ఎవరూ మనల్ని భోజనానికి పిలిచి చూడరు. అమెరికాలో అలా కాదు. యూఎస్ఎంఎల్ఈ అనే పరీక్షలు పాసై, ఆసుపత్రులకు దరఖాస్తులు పెట్టుకోవాలి. పిలిచినచోట ఇంటర్వ్యూకి వెళ్ళాలి. ఇవి ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి దాకా జరుగుతాయి. ఆ తరువాత డాక్టర్లు తమకు నచ్చిన ఆసుపత్రులను వరుసగా రాస్తారు, ఆసుపత్రులు తమకు నచ్చిన డాక్టర్లను వరుసగా రాస్తాయి. రెండు జాబితాలనూ కంప్యూటరు జతకలుపుతుంది. దాన్నే మ్యాచ్ అంటారు. ఎవరు ఎక్కడికో మార్చి మూడో శుక్రవారం తెలుస్తుంది.

ఇంటర్వ్యూకి ముందురోజు సాయంత్రం అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న రెసిడెంట్ డాక్టర్లు కొత్తగా వచ్చినవారిని హోటలుకు తీసుకువెళ్ళి భోజనం పెట్టడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. 2020లో కోవిడ్ వచ్చాక చాలా ఇంటర్వ్యూలు వీడియోలోకి మారిపోయాయి, ఆ పరిచయాలు కూడా తెర మీదే జరుగుతున్నాయి. అయినా నేరుగా రమ్మనే చోట్లు కొన్ని ఉన్నాయి. మన అమ్మాయిని రెండు చోట్లకు అలా రమ్మన్నారు. ఆ భోజనానికి మార్కులేమీ ఉండవని చెప్తారట. కానీ రాత్రంతా పక్కపక్కన డ్యూటీ చేయాల్సిన మనిషి ఎలాంటివారో ఆ బల్ల దగ్గరే చూసుకుంటారని వెళ్ళిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

మొదటి చోట అందరూ కూర్చోగానే తాగడానికి ఏం కావాలని అడిగారు. ఒకరు బీరు, ఒకరు వైన్ చెప్పారు. ఈమె వంతు వచ్చింది. నోరు ఆరిపోయి "యాంటీబయాటిక్ వాడుతున్నాను, తాగకూడదు" అని చెప్పేసింది. బల్ల చుట్టూ అందరూ డాక్టర్లే కదా, ఏ మందు అని ఒకాయన అడిగాడు. "మెట్రోనిడజోల్" అంది. దేనికి అని అడిగితే పంటి నొప్పి అంది. మందు వద్దనడానికి ఇంకో మందు పేరు చెప్పి, ఆ మందు కోసం లేని రోగం తెచ్చుకుంది. భోజనం అయ్యేదాకా ఆ దవడ పక్క నమలకుండా తిన్నదట, అబద్ధం బయటపడుతుందేమోనని.

మాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. "పోనీలే తల్లీ, తాగలేదు కదా, దేవునికి స్తోత్రం" అన్నాం. అవతల కాసేపు నిశ్శబ్దం. తరువాత మెల్లగా అంది: "అయ్యగారూ, మీరు కూడా అలా అంటే నాకు ఇంకా భయంగా ఉందండి. నాన్న నా చదువు కోసం పొలం అమ్మేశారు. ఈ సీటు పోతుందన్న భయంతో ఇవాళ ప్రభువును దాచిపెట్టాను. రేపు ఇంకేం దాచిపెడతానో!"

"సాయంత్రం మళ్ళీ మాట్లాడతామమ్మా" అని ఫోన్ పెట్టేశాం. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకటే జ్ఞాపకం వచ్చింది. దాన్ని ఇన్నేళ్ళుగా మీలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాం.

మందిరం కట్టే రోజుల్లో మనకు ఇటుకా సిమెంటూ ఇచ్చి ఆదుకున్న ఒక అన్న ఉన్నారు. విశ్వాసి కారు, కానీ మంచి మనసు. ఆయన గృహప్రవేశానికి మమ్మల్ని పిలిచారు. రాత్రి మేడ మీద మగవాళ్ళ విందు. మేము సెలవు తీసుకోబోతుంటే ఆయన గ్లాసు పట్టుకొచ్చి, "పాస్టర్ గారూ, ఇది ఒట్టి ద్రాక్షారసమే, మీ బైబిల్లో ఉన్నదే" అన్నారు. అందరూ నవ్వారు. ఇంకా స్లాబు పడలేదు. సిమెంటు ఆయనే ఇవ్వాలి. మేము "ఇవాళ మాకు ఉపవాసం అన్నా" అని చెప్పి, దండం పెట్టి వచ్చేశాం. ఇంటికొచ్చి పప్పూ అన్నం తిన్నాం. ఉపవాసం లేదు, ప్రార్థనా లేదు. దేవుని పేరు మీద ఉన్న మాటనే అబద్ధానికి వాడుకున్నాం. పైగా శోధన జయించామని ఆ రాత్రి స్తోత్రం కూడా చెల్లించాం!

ఆ సాయంత్రం దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం తెరిచాం. ఎన్నోసార్లు ప్రసంగించిన భాగమే. కానీ ఈసారి వేరేగా కనబడింది. దానియేలు బబులోనుకు చెరపట్టబడి వెళ్ళిన యవ్వనస్థుడు. అక్కడ కల్దీయుల విద్య నేర్చుకోమన్నారు, నేర్చుకున్నాడు. పేరు మార్చి బెల్తెషాజరు అన్నారు, ఆ పేరుతో పిలిస్తే పలికాడు. రాజు కొలువులో ఉద్యోగం వద్దనలేదు. రాజు బల్ల మీది భోజనం దగ్గర, ద్రాక్షారసం దగ్గర మాత్రం ఆగిపోయాడు. అన్నిటికీ కాదనేవాడు కాదు అతను. ఎక్కడ కాదనాలో ముందే హృదయంలో నిశ్చయించుకున్నవాడు. గ్లాసు ముందుకు వచ్చాక ఆలోచించలేదు.

ఇంకో సంగతి. అతను కడుపునొప్పి అని చెప్పలేదు. వైద్యుడు వద్దన్నాడని చెప్పలేదు. అధిపతి దగ్గరికి వెళ్ళి, నన్ను నేను అపవిత్రపరచుకోలేను, దయచేసి సెలవివ్వండి అని ఉన్నది ఉన్నట్టు వేడుకున్నాడు. ఆ అధిపతి రాజుకు భయపడి, నా తల పోతుంది అన్నాడు. అప్పుడైనా దానియేలు అబద్ధానికి దిగలేదు, కోపానికీ దిగలేదు. ఇంకో అధికారి దగ్గరికి వెళ్ళి, పది రోజులు శాకధాన్యాలూ నీళ్ళూ ఇచ్చి చూడండి, తరువాత మీ ఇష్టం అన్నాడు. సత్యం వదల్లేదు, మర్యాదా వదల్లేదు. ఆ బల్ల దగ్గర కూర్చుని తినేవారిని ఒక్క మాట అనలేదు.

పదో రోజున ఏమవుతుందో అడిగిన రోజున దానియేలుకు తెలియదు. మనకు కథ తెలుసు గనుక తేలిగ్గా చదివేస్తాం.

మన అమ్మాయి ఇంకో ప్రశ్న కూడా అడిగింది. కానా పెండ్లిలో ప్రభువే నీళ్ళను ద్రాక్షారసం చేశాడు కదా, తిమోతికి కడుపు కోసం కొంచెం పుచ్చుకోమని పౌలు రాశాడు కదా, మరి తాగేవాళ్ళందరూ పాపులని నేను చెప్పగలనా అని. చెప్పలేవమ్మా, చెప్పనక్కరలేదు కూడా అన్నాం. లేఖనం మత్తును ఖండిస్తుంది. అయితే ఎదుటివాని గ్లాసు చూసి అతని ఆత్మకు తీర్పు తీర్చే పని మనకు ఇవ్వలేదు. మనం ఎందుకు ముట్టుకోమో మాత్రం మనకు తెలుసు. తాగుడు వల్ల అప్పులపాలైన ఇళ్ళను, ముప్పై దాటకుండానే విధవలైన తల్లులను మన వీధుల్లో చూశాం. మన సహోదరుడు తొట్రిల్లుతుంటే మన స్వేచ్ఛ మనకు ముఖ్యం కాదు. డాక్టర్లకు ఇది మాకన్నా బాగా తెలుసు. మద్యం క్యాన్సరు కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే వర్గీకరించింది. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది.

నిజం మర్యాదగా చెప్పడానికి పెద్ద చదువులు కూడా అక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకునే ఆడవాళ్ళు సారా మా ఊరికి వద్దని ఎదురు నిలబడి చెప్పారు. ఆ మాట ఊరూరా పాకి 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. చట్టాలు వస్తాయి, పోతాయి. కానీ వంటింట్లో మూలుగుతూ ఉన్నంతకాలం ఎవరికీ వినబడని ఆ గొంతులు, తిన్నగా చెప్పినరోజున అందరికీ వినబడ్డాయి.

సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేశాం. ముందు మా ఉపవాసం కథ చెప్పాం. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరువాత, "అయితే మీకు కూడా భయం వేస్తుందా అండి?" అంది. వేస్తుందమ్మా అన్నాం. రెండో ఇంటర్వ్యూకి మూడు మాటలు అనుకున్నాం. అబద్ధం వద్దు. ప్రసంగం వద్దు. అడిగితేనే, అడిగినంతే, నవ్వుముఖంతో. "నిజం చెప్తే సీటు వస్తుందని మేము మాట ఇవ్వలేమమ్మా. రాకపోయినా నువ్వు మా బిడ్డవే, ఆయన బిడ్డవే" అని ప్రార్థన చేశాం.

రెండో చోట భోజనంలో నిమ్మరసం సోడా చెప్పుకుంది. పక్కనున్న డాక్టరు, వైన్ తీసుకోరా అని అడిగింది. "నేను తాగనండి. క్రైస్తవ కుటుంబం మాది. మా ఊళ్ళో తాగుడు వల్ల పాడైన ఇళ్ళు చూస్తూ పెరిగాను" అంది. ఆమె "సరే" అని, మీ ఊరు ఎక్కడ అని అడిగింది. తరువాత పూడిమడక సముద్రం గురించి, చేపల పులుసు గురించి చాలాసేపు మాట్లాడుకున్నారట. అంతే. ఆకాశం ఊడిపడలేదు. "ఆ రాత్రి రెండు దవడలతోనూ తిన్నానండి" అని నవ్వింది. ఫలితం మార్చిలో తెలుస్తుంది. ఆ బిడ్డ కోసం ప్రార్థించండి.

ఆమె ధైర్యం చూశాక మేము ఇంట్లో ఉండలేకపోయాం. క్రిస్మస్‌కు ముందు ఆ అన్న ఇంటికి వెళ్ళాం. మనిషి సగమయ్యారు. చేతులు వణుకుతున్నాయి. "అన్నా, ఆ గృహప్రవేశం నాడు మాకు ఉపవాసం లేదు. అబద్ధం చెప్పాం. క్షమించండి" అన్నాం. ఆయన చాలాసేపు మమ్మల్ని చూసి అన్నారు: "నాకు తెలుసు పాస్టర్ గారూ. మర్నాడే మీ చిన్నోడు మా వాడితో, నాన్న రాత్రి ఇంటికొచ్చి పప్పన్నం తిన్నాడని చెప్పాడు. సిమెంటు ఆగిపోతుందని భయపడ్డారనుకున్నాను. ఆరోజు ముఖం మీద చెప్పి ఉంటే మిమ్మల్ని తిట్టేవాడినేమో. కానీ తరువాత ఎప్పుడైనా ఆ మాట గుర్తొచ్చేది కదండీ."

ఇన్నేళ్ళూ ఆయనకు మా అబద్ధం తెలుసు. మా నమ్మకం మాత్రం తెలియలేదు.

వదిన ఆ పక్కనే నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మన అమ్మాయికి ఫోన్ కలిపాం. ఏళ్ళ తరబడి బాగా తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు, డాక్టరు చూస్తుండగానే మాన్పించాలి అని ఆమె వివరంగా చెప్పింది. ఇప్పుడాయన విశాఖపట్నంలో వైద్యం చేయించుకుంటున్నారు. ఒక వారం బాగుంటారు, ఒక వారం పడిపోతారు. మేము వెళ్తూనే ఉన్నాం.

ప్రియులారా, మీలో ఎవరికైనా ఈ వారమే ఇలాంటి బల్ల ఎదురుకావచ్చు. మొదటి జీతం పార్టీ కావచ్చు, పెళ్ళి ముందురోజు రాత్రి కావచ్చు, కాంట్రాక్టు పర్మనెంటు చేస్తానన్న సూపర్‌వైజరు ఇచ్చే విందు కావచ్చు. వెళ్ళకముందే హృదయంలో నిశ్చయించుకోండి. మన మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు ఉండాలని ప్రభువు నేర్పాడు. గ్లాసు వద్దనడంతో సాక్ష్యం పూర్తి కాదు, ఎందుకు వద్దో ప్రేమతో చెప్పగలగాలి. ఇప్పటికే తాగుడులో చిక్కుకున్నవారు ఉంటే, సిగ్గుపడి దూరంగా ఉండొద్దు. మా తలుపు తట్టండి. ఉపవాసమని చెప్పి తప్పించుకోము.

ప్రభువా, భయంతో మేము చెప్పిన అబద్ధాలను క్షమించు. దూరదేశాల్లో పరాయి బల్లల దగ్గర కూర్చున్న మా బిడ్డలకు నిజం చెప్పే ధైర్యం, మృదువుగా చెప్పే నాలుక దయచేయి. ఆ అన్న వణికే చేతులను నీ చేతుల్లోకి తీసుకో. యేసు నామములో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.