శివారుకి చేరాలంటే...

2022 జులై. గోదావరి 17.75 అడుగులు దాటింది. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక. లంకలో ఉన్న అత్తయ్యకేమో ఫోను కలవడం లేదు.

గట్టు పక్కనున్న టవరు దగ్గర టెక్నీషియన్ కనిపిస్తే అడిగాను.

'కరెంటు పోయిందండి. అక్కడి బ్యాటరీలు కూడా అయిపోయుంటాయి. పన్నెండు వోల్టులవి నాలుగు వరసగా కలిపి 48 చేస్తామండి' అన్నాడు.

'పన్నెండు చాలదా?'

అతను కాలవ చూపించాడు. 'కాటన్ దొరగారు ఆనకట్ట ఎందుక్కట్టారండి? నీటిమట్టం లేస్తేనే కదా కాలవకెక్కేది! వోల్టేజీ కూడా అంతేనండి.'

1852లో పూర్తయిన ఆనకట్ట కథ నాకు తెలుసు. ఈ లెక్కే తెలీదు. టవరు మీది రేడియోకి 60 వాట్లు కావాలనుకుందాం. 12 వోల్టులైతే తీగలో 5 ఆంపియర్లు పారాలి. 48 అయితే ఒకటింబావు చాలు. అదే తీగలో వేడిగా పోయే నష్టం పదహారో వంతుకి తగ్గుతుంది. తీగ పొడవు మూరెడైతే పన్నెండుతోనే సరిపెట్టుకోవచ్చు. అలాగని పెంచుకుంటూ పోకూడదు. అరవై దాటితే టవరెక్కేవాడికి షాక్ భయం.

'మరి బ్యాటరీ అయిపోతే?'

'ఏటిలో నీళ్లే లేకపోతే ఆనకట్టేం చేస్తుందండి?'

మూడో రోజు పడవలో జనరేటరు వెళ్లింది. సాయంత్రం ఫోను మోగింది.

'గడప దగ్గరే ఆగిందిరా అబ్బాయ్, గోదారి!'